చాలు అంటే వెనక్కి: కమ్మింగ్ నుంచి దయ్యాల పార్కుకు ఒక కుటుంబ ప్రయాణం

దక్షిణాఫ్రికా బడులకు ఈసారి వసంత సెలవులు 2025 అక్టోబరు మొదటి వారంలో వస్తున్నాయి. మనకు వసంతం అయితే అమెరికాలో అది శరత్కాలం. మా తమ్ముడి కుటుంబం జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్‌లో ఉంటుంది. సెలవుల్లో నేను అక్కడికి వెళ్తున్నాను. వెళ్లేలోపే ఫోనులో ఒక పెద్ద చర్చ మొదలైంది: అందరం కలిసి సిక్స్ ఫ్లాగ్స్ పార్కుకు వెళ్లాలా, వద్దా? వెళ్తే పగలా, రాత్రా?

మామూలు రోజుల్లో అయితే ఇందులో చర్చించేది ఏమీ లేదు. కానీ సెప్టెంబరు నుంచి హాలోవీన్ దాకా ఆ పార్కు రాత్రిపూట దయ్యాల పార్కు అవుతుంది. దాని పేరు ఫ్రైట్ ఫెస్ట్, అంటే భయాల పండుగ. మన పాఠకుల్లో చాలామందికి అమెరికాలో బంధువులు ఉన్నారు. మీ ఇంట్లోనూ ఇదే చర్చ రావచ్చు. అందుకే మా కుటుంబం వేసుకున్న ప్రణాళికను, ఆ దారిలో నేను తెలుసుకున్న సంగతులను ఇక్కడ రాస్తున్నాను. కొత్త మాటలకు అర్థాలు చివర ఇచ్చాను.

ఎక్కడ, ఎప్పుడు

ముందు దారి చూద్దాం. కమ్మింగ్ అట్లాంటాకు ఉత్తరాన ఉంది. ఫోర్సైత్ కౌంటీకి అదే ముఖ్యపట్టణం. పార్కు అట్లాంటాకు పడమట, చాటహూచీ నది ఒడ్డున ఉంది. కమ్మింగ్ నుంచి 400 నంబరు రోడ్డు మీద దక్షిణానికి వచ్చి, ఊరి చుట్టూ తిరిగే 285 రోడ్డు ఎక్కి, చివరికి 20 నంబరు రోడ్డు మీద పడమటికి వెళ్లాలి. మొత్తం 45 మైళ్లకు కాస్త అటూ ఇటూ, అంటే డెబ్భై కిలోమీటర్లకు పైనే. శుక్రవారం సాయంత్రం 285 మీద బండ్లు చీమల బారులా కదులుతాయి. అందుకే మేము శనివారం ఉదయం బయలుదేరాలని అనుకున్నాం.

సిక్స్ ఫ్లాగ్స్ అంటే ఆరు జెండాలు. టెక్సస్‌ను ఆరు దేశాల జెండాలు ఏలాయని, 1961లో అక్కడ కట్టిన మొదటి పార్కుకు ఆ పేరు పెట్టారు. జార్జియా పార్కు 1967లో తెరిచారు. అందులో ఆ మొదటి ఏడాది నుంచీ ఉన్న చిన్న రైలు పేరు డలోనెగా మైన్ ట్రైన్. డలోనెగా కమ్మింగ్‌కు ఉత్తరాన ఉన్న ఊరు. 1829 ప్రాంతంలో ఆ కొండల్లో బంగారం దొరికిందని జనం ఎగబడ్డారు. మా మేనల్లుడికి ఆరేళ్లు. వాడు ఆ ఊరి పేరు విన్నాడు కాబట్టి ఆ రైలే ముందు ఎక్కుతానంటున్నాడు.

ఫ్రైట్ ఫెస్ట్ ఎక్కువగా శుక్ర, శని, ఆదివారాల్లో జరుగుతుంది. పగలు పార్కు మామూలుగానే ఉంటుంది. చీకటి పడ్డాక దయ్యాల వేషాలు వేసుకున్న నటులు దారుల్లోకి వస్తారు. పొగ, ఎర్రదీపాలు, అరుపులు. భయపెట్టే ఇళ్లు కూడా ఉంటాయి. వాటికి వేరే టికెట్టు కొనాలి. అంటే ఒకే గేటు లోపల రెండు పార్కులు ఉన్నాయి: వెలుగులో ఒకటి, చీకట్లో ఒకటి. మా ప్రణాళిక అంతా ఈ ఒక్క విషయం మీద నిలబడింది.

అత్తయ్యగారి అభ్యంతరం

మా మరదలి తల్లి గుడివాడ నుంచి ఆరు నెలలకు వచ్చి కూతురి దగ్గర ఉన్నారు. తమ్ముడితో పాటు నేనూ ఆవిడను అత్తయ్యగారూ అనే పిలుస్తాను. విషయం వినగానే ఆవిడ అన్నారు: "అమ్మవారికి దీపం పెట్టుకునే రోజుల్లో దయ్యాల కొంపకు పోవడమేంటమ్మా? పసివాడు జడుసుకుంటే జ్వరం వస్తుంది."

ఇందులో రెండు మాటలున్నాయి. ఒకటి పండుగ గురించి, రెండోది పిల్లవాడి గురించి. పిల్లలు ఆవిడ మాటను నవ్వి వదిలేయబోయారు. నేను వదలనివ్వలేదు. ఇంట్లో పెద్దవారు ఒక అభ్యంతరం చెబితే దానికి జవాబు ఇవ్వాలి.

మొదటి దానికి జవాబు క్యాలెండరులో దొరికింది. నవరాత్రులు ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వస్తాయి, తేదీలు మారుతుంటాయి. ఈసారి దసరా అక్టోబరు 2న. దీపావళి 20న. మా ప్రయాణాన్ని రెండింటి మధ్య, అక్టోబరు 11, శనివారానికి పెట్టుకున్నాం. అప్పటికి బొమ్మల కొలువు తీసేస్తారు. అత్తయ్యగారు "అలా అయితే సరే" అన్నారు. మీ ఇంట్లో కూడా టికెట్టు కొనేముందు పంచాంగం చూడండి. చాలా గొడవలు అక్కడే తీరిపోతాయి.

రెండో దానికి జవాబు అంత తేలిక కాదు. పిల్లవాడికి ఎంత భయం ఆట అవుతుంది, ఎంత భయం దెబ్బ అవుతుంది? దీని గురించి ఆలోచిస్తుంటే నాకు మన పులులు గుర్తొచ్చాయి.

వేషం మనకు కొత్తదా?

1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ రేవుకు వచ్చింది. అప్పటి నుంచి 1911 దాకా లక్షన్నరకు పైగా జనం గిర్మిట్ మీద నేటాలుకు వచ్చారు. వారిలో మన తెలుగువారు ఎందరో. చెరకు తోటల్లో సెలవులు చాలా తక్కువ. ఆ కొద్ది సెలవుల్లో మొహర్రం ఒకటి. ముస్లింల పండుగ అయినా హిందువులు కూడా అందులో కలిసేవారు. వెదురుతో, రంగు కాగితాలతో గోపురాలు కట్టి ఊరేగించేవారు. డప్పుల ముందు ఒంటికి పసుపు, నలుపు చారలు పూసుకున్న మనుషులు పులుల్లా ఆడేవారు. తెల్లవాళ్లు ఆ పండుగను చులకనగా "కూలీ క్రిస్మస్" అని పిలిచేవారు. ట్రినిడాడ్‌లో ఉన్న మన పాఠకులకు ఇదే పండుగ హోసే అనే పేరుతో తెలుసు.

ఆంధ్రలో, తెలంగాణలో దీన్ని పీర్ల పండుగ అంటారు. అక్కడా పులి వేషాలు ఉన్నాయి. దసరాకూ పులి వేషాలు కడతారు. ఇంటింటికీ తిరిగి రకరకాల వేషాలు వేసే పగటి వేషగాళ్లు కూడా మన ఊళ్లలో ఉండేవారు. పులి వేషగాడు పిల్లల మీదికి ఒక్కసారి దూకుతాడు. పిల్లలు కెవ్వుమని అరిచి అమ్మ కొంగు వెనక దాక్కుంటారు. మళ్లీ కొంగు పక్కనుంచి తొంగి చూస్తారు. పారిపోవడానికి కొంగు ఉంది కాబట్టే అది ఆట.

ఈ మాట చెప్పగానే అత్తయ్యగారు ఫోనులో నవ్వారు. చిన్నప్పుడు గుడివాడలో పులి వేషం చూసి తాను మంచం కింద దూరిన సంగతి ఆవిడే చెప్పారు. "మరి ఆ వేషగాడికి మా నాన్న డబ్బులిచ్చి పంపేవాడమ్మా. మమ్మల్ని భయపెట్టినందుకే ఇచ్చేవాడు!" అన్నారు. ఫ్రైట్ ఫెస్ట్ టికెట్టు గురించి ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

హాలోవీన్ కూడా ఓడ ఎక్కి వచ్చిన పండుగే. ఐర్లండు, స్కాట్లండు నుంచి పందొమ్మిదో శతాబ్దంలో వలస వచ్చినవారు దాన్ని అమెరికాకు తెచ్చారు. వారి పాత ఊళ్లలో టర్నిప్ అనే దుంపను తొలిచి దీపం పెట్టేవారు. అమెరికాలో గుమ్మడికాయ పెద్దది, తొలచడం తేలిక. అందుకే దుంప పోయి గుమ్మడికాయ వచ్చింది. చెడు దగ్గరికి రాకుండా వాళ్లు గుమ్మం ముందు గుమ్మడికాయ పెట్టారు. మనం దిష్టి తగలకుండా గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడతాం. కమ్మింగ్‌లో మా తమ్ముడి గుమ్మం దగ్గర ఈ నెల రెండూ ఉంటాయట: పైన ఒకటి, కింద ఒకటి.

ముసుగు మీద చట్టం

ఇప్పుడు కమ్మింగ్ గురించి ఒక కష్టమైన సంగతి చెప్పాలి. పిల్లలతో వెళ్లేవారు దీన్ని తెలుసుకుని వెళ్లడం మంచిది.

ఆడే ముసుగు ఒకటి ఉంటే, ఆడని ముసుగు ఒకటి ఉంది. జార్జియాలో 1951లో ఒక చట్టం చేశారు. బయట ముఖం దాచుకుని తిరగడం నేరం అని ఆ చట్టం చెబుతుంది. తెల్ల ముసుగులు వేసుకుని నల్లవారిని బెదిరించే కూ క్లక్స్ క్లాన్ కోసమే దాన్ని తెచ్చారు. అందులో కొన్ని మినహాయింపులు ఉన్నాయి. పండుగ రోజున సంప్రదాయంగా వేసుకునే వేషం వాటిలో ఒకటి. అంటే హాలోవీన్ వేషానికి చట్టమే చోటు ఇచ్చింది. ఒకే గుడ్డ ముక్క ఒక చోట ఆట, ఇంకో చోట నేరం.

ఫోర్సైత్ కౌంటీకి ఆ తేడా బాగా తెలుసు. 1912 సెప్టెంబరులో కమ్మింగ్‌లో ఒక గుంపు రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి యువకుడిని చంపింది. ఆ తర్వాత వారాల్లో రాత్రిపూట గుర్రాల మీద వచ్చిన గుంపులు నల్లవారి ఇళ్లను, చర్చిలను కాల్చి, సుమారు 1,100 మందిని కౌంటీ నుంచి తరిమేశాయి. కొన్ని తరాల దాకా వారు తిరిగి రాలేకపోయారు. 1987 జనవరి 17న హోసియా విలియమ్స్ నాయకత్వంలో కొద్దిమంది అక్కడ శాంతియాత్ర చేస్తే వారి మీద రాళ్లు పడ్డాయి. వారం తర్వాత, జనవరి 24న, సుమారు 20,000 మంది వచ్చి అదే యాత్ర చేశారు. 2021లో రాబ్ ఎడ్వర్డ్స్ జ్ఞాపకంగా ఊరి మధ్య ఒక ఫలకం పెట్టారు.

ఈ రోజు ఆ కౌంటీ జనాభా రెండున్నర లక్షలు దాటింది. 2020 జనాభా లెక్కల్లో ప్రతి ఆరుగురిలో ఒకరికి మించి ఆసియా మూలాలవారు ఉన్నారు. దుకాణంలో తెలుగు వినిపిస్తుంది. మా తమ్ముడు అక్కడ ఇల్లు కొన్నప్పుడు ఈ చరిత్ర ఎవరూ చెప్పలేదు. వాడే చదివి తెలుసుకున్నాడు. మా మేనకోడలికి పద్నాలుగేళ్లు. పార్కుకు వెళ్లేముందు ఒకరోజు ఆ ఫలకం దగ్గరికి నాతో వస్తానంది. దయ్యాల కథల్లో లేని భయం ఎలా ఉంటుందో ఆ వయసు పిల్లకు తెలియాలి.

మూసిన గేటు

ఈ పార్కు టికెట్టు గురించి మా తమ్ముడు, నేను మాట్లాడుకున్నప్పుడు మాకు డర్బన్ గుర్తుకు రాకుండా ఉండదు. మేము చిన్నప్పుడు సముద్రతీరం ముక్కలుగా ఉండేది. తెల్లవారికి ఒక చోటు, భారతీయులకు ఒక చోటు, ఆఫ్రికన్లకు ఒక చోటు. మంచి ఇసుక, రంగుల దీపాలు, పిల్లల ఆటలు ఉన్న చోటు మనది కాదు. ఆదివారం సాయంత్రం మా నాన్న బండిని ఆ దారిలో మెల్లగా నడిపేవారు. మేము కిటికీలోంచి దీపాలు చూసేవాళ్లం. బోర్డులు చివరికి 1989లో పోయాయి. అప్పటికి నేను బడి దాటిపోయాను.

అట్లాంటాలోనూ ఇలాంటి గేటు ఒకటి ఉండేది. దాని పేరు ఫన్‌టౌన్. టీవీలో దాని ప్రకటన చూసి, మార్టిన్ లూథర్ కింగ్ గారి ఆరేళ్ల కూతురు అక్కడికి వెళ్తానని అడిగింది. నల్లపిల్లలను అక్కడ రానివ్వరని ఆయన చెప్పాల్సి వచ్చింది. 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన ఉత్తరంలో ఆయన ఈ సంగతి రాశారు. ఎన్నో పెద్ద అన్యాయాల మధ్య ఒక పార్కు గేటు ముందు పిల్ల కళ్లలో నీళ్లను ఆయన మరిచిపోలేదు. మరుసటి ఏడాది, 1964లో, పౌరహక్కుల చట్టం వచ్చింది. మూడేళ్ల తర్వాత సిక్స్ ఫ్లాగ్స్ తెరిచారు.

మా మేనల్లుడికి కూడా ఆరేళ్లే. వాడికి ఆ గేటు తెరిచే ఉంది. అందుకే మా తమ్ముడు మొదట్లో, "అన్నీ ఎక్కాలి, అన్నీ చూడాలి, ఏదీ వదలొద్దు" అన్నాడు. నాన్న మెల్లగా నడిపిన బండి వాడి మనసులో ఇంకా తిరుగుతోంది. కానీ వాడి కొడుకు పులిని చూసి కొంగు కోసం వెతికే వయసులో ఉన్నాడు. మనకు దొరకనిదాన్ని పిల్లవాడి నోట్లో కుక్కకూడదని తమ్ముడికి చెప్పాను. లోపలికి వెళ్లే హక్కు ఎంత ముఖ్యమో, వద్దని చెప్పి బయటికి వచ్చే హక్కు కూడా అంతే ముఖ్యం. ఒక సాయంత్రమంతా వాదించి వాడు ఒప్పుకున్నాడు.

మా ప్రణాళిక

అక్టోబరు 11న మేము చేయబోయేది ఇది.

ఉదయం: పార్కు తెరిచే సమయానికి గేటు దగ్గర ఉంటాం. టికెట్లు ముందే కొంటాం. బయటి తిండిని సాధారణంగా లోపలికి రానివ్వరు. కాబట్టి పులిహోర, పెరుగన్నం కారులోనే ఉంటాయి. మధ్యాహ్నం బయటికి వచ్చి తింటాం. తిరిగి లోపలికి ఎలా రావాలో గేటు దగ్గరే అడిగి తెలుసుకుంటాం.

పగలు చిన్నవాడితో: డలోనెగా రైలు, ఆ తర్వాత మాన్‌స్టర్ మాన్షన్. ఇది 1981లో మొదలైంది, పేరు 2009లో మార్చారు. పడవలో కూర్చుని చీకటి ఇంట్లోకి వెళ్తాం. లోపల భూతాలు ఉన్నాయి, కానీ అవి విందు చేసుకుంటూ నవ్వించే భూతాలు. చిన్నపిల్లలకు మొదటి భయంగా ఇది సరిపోతుంది.

అత్తయ్యగారితో: 1908లో ఫిలడెల్ఫియా కంపెనీ చేసిన కొయ్యగుర్రాల రంగులరాట్నం. అది చాలా కాలం షికాగోలోని రివర్‌వ్యూ పార్కులో తిరిగింది, తర్వాత ఇక్కడికి వచ్చింది. అది కూడా ఒక రకంగా వలస వచ్చిందే. దాని మీద కదలని బెంచీలు కూడా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవారు హాయిగా కూర్చోవచ్చు.

మేనకోడలితో: 1973 నాటి కొయ్య రోలర్ కోస్టర్ గ్రేట్ అమెరికన్ స్క్రీమ్ మెషీన్. ఆ తర్వాత గోలియత్. 2006లో కట్టిన గోలియత్ ఎత్తు 200 అడుగులు, వేగం గంటకు 70 మైళ్లు. దాన్ని నేను కింద నుంచి చూసి ఆనందిస్తాను. పెద్ద కోస్టర్లకు పిల్లల ఎత్తు 48 నుంచి 54 అంగుళాలు ఉండాలంటారు. ఇంట్లోనే గోడ దగ్గర నిలబెట్టి కొలవండి. గంటసేపు క్యూలో నిలబడ్డాక వద్దంటే పిల్లల ఏడుపు ఆపలేం.

సాయంత్రం: చీకటి పడకముందే మరదలు, అత్తయ్యగారు, చిన్నవాడు ఒక కారులో ఇంటికి వెళ్లిపోతారు. తమ్ముడు, మేనకోడలు, నేను ఉంటాం. స్నేహితులతో ఒంటరిగా ఉంటానని మేనకోడలు అడిగింది. ఇలాంటి చాలా పార్కులు ఇప్పుడు సాయంత్రం నాలుగు దాటాక, పదిహేనేళ్లు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లల వెంట 21 ఏళ్లు నిండిన పెద్దవారు ఉండాలంటున్నాయి. కాబట్టి ఆ వాదన మేము చేయాల్సిన పని లేకుండా పోయింది. నియమాలు మారుతుంటాయి, బయలుదేరే ముందు పార్కువారి వెబ్‌సైటు చూడండి. పెద్దవారు ముసుగులతో రావడానికి కూడా చాలా పార్కులు ఒప్పుకోవు. పగలు ఇరవై దాటే వేడి ఉన్నా, రాత్రికి చలి వేస్తుంది. స్వెట్టరు మరిచిపోకండి.

చిన్నవాడు చిన్నబుచ్చుకోకుండా వాడికి వేరే రాత్రి ఒకటి ఇచ్చాం. అక్టోబరులో కమ్మింగ్ ఫెయిర్‌గ్రౌండ్స్‌లో పది రోజులకు పైగా తిరునాళ్ల లాంటి సంత జరుగుతుంది. దీపాలు, జెయింట్ వీల్, తినుబండారాలు ఉంటాయి. ఇంటికి దగ్గర, దయ్యాలు ఉండవు.

ఒక్క నియమం

రాత్రి భాగానికి మేనకోడలు ఒక నియమం పెట్టింది. మాలో ఎవరైనా "చాలు" అంటే మిగతావారు వెంటనే వెనక్కి తిరగాలి. ఎందుకని అడగకూడదు. నవ్వకూడదు. దయ్యాల ఇంటి టికెట్టుకు డబ్బు కట్టామని గుర్తు చేయకూడదు. ఇంగ్లీషు మాట కాకుండా తెలుగు మాట ఎందుకని అడిగితే, అక్కడ అందరూ ఇంగ్లీషులోనే అరుస్తుంటారు, "చాలు" అంటే అది మనవాళ్లేనని తెలిసిపోతుంది అంది. వడ్డించేటప్పుడు తప్ప ఆ మాట ఎప్పుడూ వాడని పిల్ల ఇప్పుడు దానికి కొత్త పని ఇచ్చింది.

నేను గుడి తరగతిలో తెలుగు నేర్చుకున్నాను. అక్కడ భయానికి ఒక్కటే మాట చెప్పారు. అత్తయ్యగారితో ఈ నెల రోజులు ఫోనులో మాట్లాడాక నా పుస్తకంలో ఒక పేజీ నిండింది. మీరు కూడా క్యూలో నిలబడి పిల్లలతో ఈ మాటలు వాడి చూడండి.

ఈ నెల మాటలు

భయం: అన్నిటికీ వాడే మాట. "నాకు చీకటంటే భయం."

జడుసుకోవడం: పిల్లలు ఒక్కసారిగా బాగా భయపడటం. "పిల్లవాడు నిద్రలో జడుసుకున్నాడు."

ఉలిక్కిపడటం: అనుకోని చప్పుడుకు ఒళ్లు ఒక్కసారి కదలడం. "తలుపు చప్పుడుకు ఉలిక్కిపడ్డాను."

గుండె దడ: గుండె వేగంగా కొట్టుకోవడం. "కోస్టర్ పైకి వెళ్తుంటే గుండె దడ మొదలైంది."

ఒళ్లు గగుర్పొడవడం: భయంతో వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం. "ఆ నవ్వు విని ఒళ్లు గగుర్పొడిచింది."

కెవ్వుమనడం: భయంతో గట్టిగా అరవడం. "అందరూ ఒకేసారి కెవ్వుమన్నారు."

బూచాడు: అన్నం తినని పిల్లలను భయపెట్టడానికి చెప్పే, ఎవరూ చూడని మనిషి.

భుజాలు తడుముకోవడం: గుమ్మడికాయల దొంగ ఎవరంటే, తప్పు చేసినవాడు తన భుజం మీద గుర్తు ఉందేమోనని చూసుకున్నాడట. అడగకుండానే దొరికిపోయేవారి గురించి ఇలా అంటారు.

చాలు: ఇక వద్దు. అన్నం దగ్గరా, దయ్యాల దగ్గరా పనికొస్తుంది.